రెండు పంటి గాట్లకు ఛాతీ తెరవాలా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు కుక్కలు ఉన్నాయి. ఏడాది క్రితం పెద్దదాన్ని వాహనం ఢీకొట్టింది. మూడు పక్కటెముకలు విరిగాయనీ, ఛాతీలో గాలి చేరిందనీ చెప్పారు. ఆక్సిజన్ పెట్టి, సూదితో రెండుసార్లు గాలి తీసి, నాలుగు రోజులు ఉంచుకుని పంపించారు. కోత పెట్టలేదు. గత నెలలో 6 కిలోల చిన్నదాన్ని ఒక పెద్ద కుక్క డొక్క దగ్గర పట్టుకుని విదిలించి వదిలింది. పైకి రెండు పంటి గాట్లు తప్ప ఏమీ కనిపించలేదు, తన కాళ్ళ మీద తనే నడిచింది కూడా. అయినా ఛాతీ తెరవాలన్నారు. అదీ వెంటనే కాదు, కొన్ని గంటలు ఆగి చేశారు. ఎడమ ఊపిరితిత్తిలో వెనక తమ్మె, అంటే వెనక భాగం, తీసేశారు. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు బాగానే తిరుగుతోంది కానీ, అంత చిన్న గాయానికి అంత పెద్ద ఆపరేషన్ ఎందుకని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. నేను తప్పు చేశానా? తప్పనిసరి అయితే అన్ని గంటలు ఎందుకు ఆగినట్టు? తమ్మె పోయిన కుక్క ఇకముందు మామూలుగా బతుకుతుందా?

సమాధానం: ముందుగా మీ మనసులోని బరువు దిగాలి. మీరు తప్పు చేయలేదు. ఎక్స్‌రేలు, కేసు కాగితాలు నేను చూడలేదు కాబట్టి ఆ ఆపరేషన్‌లో ప్రతి అడుగు గురించీ మాట్లాడలేను. అయితే మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, పెద్దదానికి కోత పెట్టకపోవడం, చిన్నదానికి పెట్టడం, పెట్టేముందు కొన్ని గంటలు ఆగడం, ఈ మూడూ ఒకే ఆలోచన నుంచి వచ్చిన నిర్ణయాలు. ఛాతీకి దెబ్బ తగిలినప్పుడు చర్మం మీది గాయం ఎంతుందో చూసి శస్త్రచికిత్స చేయాలా వద్దా అని తేల్చరు. దెబ్బ ఏ తీరున తగిలింది, లోపల తెగినది తనంతట తాను మూసుకుంటుందా, మురికి లోపలికి చేరిందా అన్నవి చూసి తేలుస్తారు.

ఇది అర్థం కావడానికి ఊపిరి ఎలా ఆడుతుందో కొంచెం చెప్పుకోవాలి. ఊపిరితిత్తి అనే మాటలోనే తిత్తి ఉంది, అయితే కొలిమి తిత్తిని ఆడించడానికి మనిషి కావలసినట్టే దీన్ని ఆడించడానికీ బయటి బలం కావాలి. ఊపిరితిత్తులకు తమంతట తాము విచ్చుకునే కండ లేదు. 13 జతల పక్కటెముకలు, వాటి మధ్యనున్న కండరాలు, ఛాతీని పొట్ట నుంచి వేరుచేసే డయాఫ్రమ్ అనే కండరపు తెర కలిసి ఛాతీ గూడును పెద్దది చేస్తే, ఆ గోడకు అంటిపెట్టుకుని ఊపిరితిత్తులు కూడా విచ్చుకుంటాయి. గోడకూ ఊపిరితిత్తికీ మధ్య ఉండేది పల్చటి తడి మాత్రమే, అక్కడి పీడనం బయటి గాలి పీడనం కన్నా తక్కువ. ఆ సందులోకి గాలి గానీ నెత్తురు గానీ చేరిందంటే ఆ పట్టు విడిపోతుంది. అప్పుడు గోడ ఎంత కదిలినా ఊపిరితిత్తి ముడుచుకునే ఉంటుంది. పైగా చాలా కుక్కల్లో కుడి ఎడమల మధ్యనున్న పొర ఎంతో సున్నితమైనది కాబట్టి, ఒక పక్కన చేరిన గాలి రెండో పక్కకూ పాకుతుంది.

ఇక మీ పెద్ద కుక్క సంగతి. వాహనం తగిలినప్పుడు దెబ్బ వెడల్పుగా పడుతుంది. ఛాతీ ఒక్కసారిగా నొక్కుకుని తిరిగి తెరుచుకోవడంలో ఊపిరితిత్తులు కమిలిపోతాయి, గాలి గదుల్లోకి నెత్తురు, నీరు ఊరతాయి. వాహన ప్రమాదాల్లో తరచుగా కనిపించే ఛాతీ లోదెబ్బ ఇదే. దీని స్వభావం తెలియక చాలామంది మోసపోతారు. మొదటి గంటల్లో ఎక్స్‌రేలో అంతగా కనిపించదు, ఆ తరువాత 24 నుంచి 48 గంటల దాకా ముదిరి, అక్కడి నుంచి తగ్గుముఖం పట్టి, సాధారణంగా 3 నుంచి 10 రోజుల్లో తేరుకుంటుంది. కమిలిన ఊపిరితిత్తిని కోసి బాగుచేయడమంటూ ఉండదు. ఆక్సిజన్ ఇవ్వడం, నొప్పి తగ్గించడం, సెలైన్ ఎంత అవసరమో అంతే చూసి చూసి ఎక్కించడం, కాపలా కాయడం, ఇదే వైద్యం. షాక్‌లో ఉందని, అంటే రక్తపోటు పడిపోయిందని, సెలైన్ ధారాళంగా ఎక్కిస్తే ఆ నీరంతా కమిలిన చోటనే ఊరి ఆయాసం పెంచుతుంది.

దానికి గాలి చేరడం కూడా ఈ కోవలోదే. నొక్కుడు దెబ్బకు ఊపిరితిత్తి పైన పడే చీలికలు ఎక్కువగా చిన్నవి. ఊపిరితిత్తి కాస్త ముడుచుకోగానే అంచులు దగ్గరపడి, నెత్తురు గడ్డకట్టి అతుక్కుంటాయి. ఆ అతుకు పడేదాకా కుక్క ఊపిరాడక చనిపోకుండా చూసుకోవడమే మన పని. 7, 9 పక్కటెముకల మధ్య ఎక్కడో ఒకచోట, ఎముక ముందు అంచును ఆనుకుని సూది దించుతారు, ఎందుకంటే ప్రతి ఎముక వెనక అంచు వెంట రక్తనాళమూ నరమూ నడుస్తాయి. ఒకటి రెండుసార్లు తీస్తే సరిపోయే కుక్కలే ఎక్కువ, మీది వాటిలో ఒకటి. మళ్ళీ మళ్ళీ తీయాల్సి వస్తుంటే గొట్టం అమరుస్తారు. గొట్టం పెట్టి 3 నుంచి 5 రోజులు చూసినా గాలి ఆగకపోతేనో, గొట్టంతో లాగుతున్నా తరగనంత వేగంగా చేరుతుంటేనో అప్పుడు ఛాతీ తెరవాలి. విరిగిన పక్కటెముకలు కూడా దాదాపుగా వాటంతట అవే అతుకుతాయి. వాటి వల్ల ముప్పు ఎముకలో లేదు, నొప్పిలో ఉంది. నొప్పికి భయపడి కుక్క పైపైనే ఊపిరి తీస్తుంది, దాంతో ఊపిరితిత్తి విచ్చుకోదు. అందుకే పక్కటెముకలు విరిగిన కుక్కకు నొప్పి మందు ఇవ్వడమూ ఊపిరికి వైద్యమే. చేతికి కట్టినట్టు ఛాతీకి గట్టిగా కట్టు కడితే ఎముకలు కదలవనుకుంటారు కొందరు, కానీ అలా కట్టినప్పుడు ఊపిరి కూడా కదలదు.

వరసగా రెండు, అంతకంటే ఎక్కువ ఎముకలు పైనా కిందా రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్క గోడ నుంచి విడివడి, ఊపిరి తీసుకున్నప్పుడు లోపలికీ వదిలినప్పుడు బయటికీ ఆడుతుంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది కనుక, దాన్ని వెంటనే బిగించాలన్న తొందర ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. ఆయాసానికి అసలు కారణం ఆ ముక్క ఆడటం కన్నా దాని కింద కమిలిన ఊపిరితిత్తి, నొప్పి అని తెలిశాక ఆ తొందర తగ్గింది. దెబ్బ తగిలిన పక్క కిందికి వచ్చేలా పడుకోబెట్టి, నొప్పి తగ్గిస్తే చాలా కుక్కలు తేరుకుంటాయి. వేరే కారణంతో ఛాతీ తెరిచినప్పుడు ఆ ఎముకలనూ సరిచేస్తారు.

చిన్నదాని గాయం పూర్తిగా వేరే జాతిది. కుక్క చర్మం వదులుగా ఉంటుంది, కింది కండరాల మీద జారుతుంది. పెద్ద కుక్క కోరలు దింపి విదిలించినప్పుడు చర్మం కోరలతో పాటే కదులుతుంది కాబట్టి దాని మీద రెండు చిల్లులే మిగులుతాయి. కింద ఉన్నవి అలా జారలేవు. కోరలు అటూ ఇటూ ఊగిన మేరా పక్కటెముకల మధ్య కండరాలు చీలిపోతాయి, ఎముకలు విరుగుతాయి, విరిగిన మొన గానీ కోర గానీ ఊపిరితిత్తిని చీలుస్తుంది. విదిలించిన కుక్క బరువు మీ కుక్కకు ఎన్ని రెట్లో ఒక్కసారి ఆలోచించండి. చర్మం మీద వేలు పట్టని గాటు ఉండి, కింద మూడు నాలుగు పక్కటెముకల మధ్య కండ పూర్తిగా ఊడిపోయి, ఊపిరితిత్తి నేరుగా చర్మానికి ఆనుకుని కనిపించిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఎదురవుతాయి. చర్మం తెగకుండానే లోపల ఇంత నష్టం జరిగిన కుక్కలూ ఉన్నాయి.

దీనికి తోడు మురికి. కోరల వెంట నోటిలోని సూక్ష్మజీవులు, వెంట్రుకలు, మట్టి లోపలికి వెళతాయి. నలిగి నెత్తురు అందని కండ మెల్లగా చచ్చుబడుతుంది. ఈ రెండూ కలిసిన చోట పైన గాటు మానిపోయినా లోపల చీము పడుతుంది, ఛాతీలో చీము పడితే అది ప్రాణం మీదకు వస్తుంది. యాంటీబయాటిక్ మందు నెత్తురు ద్వారానే చేరాలి కనుక, నెత్తురు అందని కండలో దాని బలం చాలదు. చచ్చిన కండను తీసేయాలి, కడగాలి, తెగినదాన్ని కుట్టాలి. అందుకే కరిచిన గాయం ఛాతీలోకి దిగిందని తెలిసినా, దిగిందనడానికి గుర్తులున్నా, అంటే లోపల గాలి చేరినా, పక్కటెముక విరిగినా, గోడలో ఒక భాగం తప్పుగా కదులుతున్నా, తెరిచి చూడటమే మంచిదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇక్కడ శస్త్రచికిత్స వైద్యమూ అవుతుంది, పరీక్షా అవుతుంది, ఎందుకంటే ఊడిన కండ ఎంతో ఎక్స్‌రే సరిగా చూపించదు. తీసేయవలసినంతగా తమ్మె చీలిపోయి ఉందంటే, అది కోత లేకుండా అతుకుపడే రకం కాదు.

అది నడిచింది కదా అన్న మాట మీ ఇంట్లోవాళ్ళు మళ్ళీ మళ్ళీ అంటూ ఉండవచ్చు. దెబ్బ తగిలిన కుక్క శరీరం మొదట్లో గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగించి తనను తాను నిలబెట్టుకుంటుంది. భయం వల్ల కలిగే ఉద్రేకం నొప్పిని కప్పేస్తుంది. ఆ నడకను చూసి ఇంటికి తీసుకెళ్ళిపోయి, తెల్లవారేసరికి పోగొట్టుకున్నవాళ్ళ దుఃఖం నేను చూశాను. మీరు ఆస్పత్రికి తీసుకెళ్ళడంలో ఆలస్యం చేయలేదు, దాని ప్రాణం నిలవడంలో సగం పాలు ఆ పనిదే.

మరి అంత అవసరమైనప్పుడు ఎందుకు ఆగారు? ఊపిరి చాలని, రక్తపోటు పడిపోయిన కుక్కకు మత్తు ఇస్తే అది మత్తులోనే పోయే ప్రమాదం ఎక్కువ. ముందు ఆక్సిజన్ అందించి, సూదితో గాలి తీసి, నొప్పి తగ్గించి, కొద్దికొద్దిగా సెలైన్ ఇచ్చి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, నాడి నిలదొక్కుకున్నాక మత్తు ఇస్తే అదే ఆపరేషన్‌ను ఆ కుక్క తట్టుకుంటుంది. ఛాతీకి దెబ్బ తగిలితే గుండె కండ కూడా కమిలి, 12 నుంచి 48 గంటల్లో గుండె లయ తప్పవచ్చు కాబట్టి ఈసీజీ మీద కన్నేసి ఉంచాలి. ఆ కొన్ని గంటలు ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదని గ్రహించండి. ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. ఛాతీలో నెత్తురు ఆగకుండా పోతున్నప్పుడు, గాలి ఎంత తీసినా తరగనప్పుడు, డయాఫ్రమ్ చిరిగి జీర్ణాశయం ఛాతీలోకి చేరి ఉబ్బుతున్నప్పుడు, కుక్క ఇంకా కుదుటపడకపోయినా బల్ల ఎక్కించాల్సిందే, ఎందుకంటే అప్పుడు కుదుటపరిచే మార్గం ఆపరేషన్ ఒక్కటే.

లోపల ఏం చేసి ఉంటారో కూడా చెబుతాను, ఎందుకంటే తెలియనిదాని మీదే అనుమానం పెరుగుతుంది. ఛాతీ తెరిచిన క్షణం నుంచి కుక్క సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతుంది కనుక, శ్వాసనాళంలో గొట్టం వేసి యంత్రంతోనో చేత్తో సంచి నొక్కుతూనో ఊపిరి ఆడించే మనిషి ఒకరు ఆసాంతం తల దగ్గరే ఉండాలి. వీపు నుంచి పొట్ట దాకా వెంట్రుకలు తీసి, గాట్లను వెడల్పు చేసి, పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్ళి, చచ్చిన కండనూ విరిగిన ఎముక ముక్కలనూ తీసేస్తారు. ఊపిరితిత్తి అంచున చిన్న చీలిక ఉంటే కుట్టవచ్చు, లేదా ఆ అంచు మాత్రమే తీయవచ్చు. చీలిక తమ్మె మొదలు దాకా వెళ్ళినా, తమ్మె నలిగి నల్లబడినా, ఆ తమ్మెకు వెళ్ళే రక్తనాళాలనూ గాలిగొట్టాన్నీ కట్టి మొత్తంగా తీసేయడమే క్షేమం. ఆ తరువాత ఛాతీ నిండా గోరువెచ్చటి సెలైన్ పోసి ఊపిరి ఊదుతారు, ఎక్కడైనా బుడగలు వస్తే అక్కడ ఇంకా కారుతున్నట్టు. సైకిల్ ట్యూబును నీళ్ళలో ముంచి పంక్చర్ వెతికే పద్ధతే ఇది. కారడం లేదని తేలాక ఛాతీలో గొట్టం అమర్చి, పక్కటెముకలను దగ్గరకు లాగి కట్టి, కండ లేని చోట పక్కనున్న కండరాన్ని జరిపి కప్పి మూస్తారు. మూసేముందు పక్కటెముకల వెంట నడిచే నరాల దగ్గర మొద్దుబార్చే మందు వేస్తే, మెలకువ వచ్చాక కుక్క నిండుగా ఊపిరి తీసుకోగలుగుతుంది. ఈ ఒక్క చిన్న పనికి నేనిచ్చే విలువ చాలా ఎక్కువ.

గొట్టం ఎన్నాళ్ళు ఉంచాలన్నది గడియారం చూసి తేల్చేది కాదు. దాదాపు ఒక రోజంతా గాలి రాకుండా ఉండి, ద్రవం రోజుకు కిలో బరువుకు సుమారు 2 మిల్లీలీటర్ల స్థాయికి తగ్గితే తీసేస్తారు. గొట్టం లోపల ఉండటం వల్లనే కొంత ద్రవం ఊరుతుంది కాబట్టి పూర్తిగా ఆరిపోయేదాకా ఎదురుచూడరు.

ఇకముందు దాని బతుకు గురించి మీకు ధైర్యంగా చెప్పగలను. కుక్కకు ఎడమవైపు రెండు, కుడివైపు నాలుగు తమ్మెలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్క మొత్తం ఊపిరితిత్తుల్లో సుమారు సగం వరకు ఒక్కసారిగా పోయినా తట్టుకోగలదు, అంటే ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసినా బతకగలదు, కుడిది మొత్తం తీస్తే బతకడం కష్టం. మీ కుక్కకు పోయింది మొత్తంలో పావు వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలిన తమ్మెలు కొద్ది వారాల్లో ఆ ఖాళీలోకి విచ్చుకుంటాయి. ఇంట్లో తిరిగే, మామూలుగా ఆడుకునే కుక్కలో ఆ తేడా మీకు కనిపించకపోవచ్చు. ఒళ్ళు పెరిగితే మాత్రం కనిపిస్తుంది, కాబట్టి బరువు అదుపులో ఉంచండి. దాని మెడకు పట్టీ వేయకుండా ఛాతీ పట్టీ వేసేటట్లయితే ఆ పట్టీ కోత మచ్చ మీద ఒరుసుకోకుండా చూడండి.

వారానికి రెండుమూడు సార్లు అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తోందో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. 30 లోపు ఉంటే మంచిది. ఆ లెక్క రోజురోజుకూ పెరుగుతున్నా, 40 దాటినా, పడుకోలేక మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచి కూర్చుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్ళు పాలిపోయినా, నీలి రంగుకు తిరిగినా, జ్వరంతో తిండి మానేసినా, అదే రోజు చూపించండి. కరిచిన గాయం వల్ల ఛాతీలో చీము పట్టేది ఉంటే కుట్లు మానిన తరువాత వారాలకు కూడా బయటపడవచ్చు. కరిచిన కుక్కకు రేబిస్ టీకా వేసి ఉందో లేదో తెలియకపోతే, మీదానికి ముందే టీకాలు వేయించినా సరే, మళ్ళీ వేయించారా లేదా అన్నది మీ డాక్టరు గారిని తప్పకుండా అడగండి. చికిత్స హడావుడిలో ఇది మరుగునపడుతుంది.

ఇలాంటిది మళ్ళీ ఎవరి కుక్కకు జరిగినా, ఆస్పత్రికి చేరేలోపు చేయవలసింది కొద్దిగానే ఉంది. దాన్ని ఏ పక్కకు పడుకోవాలనుకుంటే ఆ పక్కకే పడుకోనివ్వాలి, వెల్లకిలా తిప్పకూడదు, దుప్పటి మీదనో పలక మీదనో మోయాలి. ఛాతీలో రంధ్రం పడి గాలి చప్పుడు వస్తుంటే శుభ్రమైన గుడ్డనో పల్చటి ప్లాస్టిక్ పొరనో ఆనించి అరచేత్తో మూసి పట్టుకోవాలి. మూశాక ఆయాసం పెరిగితే ఒక్క క్షణం చెయ్యి ఎత్తి లోపలి గాలిని పోనిచ్చి తిరిగి మూయాలి. పుల్లో ఊచో గుచ్చుకుని ఉంటే దాన్ని లాగకూడదు, నెత్తురు కారకుండా అడ్డుపడుతున్నది అదే అయి ఉండవచ్చు. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు వేయకూడదు, తిండి నీళ్ళు పెట్టకూడదు, ఆయాసపడుతున్న కుక్క మూతి బిగించి కట్టకూడదు.

మీరు అడగకపోయినా పెద్దదాని గురించి ఒక మాట. వాహనం ఢీకొన్నప్పుడు పొట్ట మీద పడే ఒత్తిడికి డయాఫ్రమ్ చిరిగే అవకాశం ఉంది. ఆ చిరుగు చిన్నదైతే ఆ రోజు బయటపడక, నెలలు గడిచాక కాలేయమో పేగులో మెల్లగా ఛాతీలోకి జారినప్పుడు తెలుస్తుంది. అప్పటి ఎక్స్‌రేలలో మీ డాక్టరు గారు దీన్ని చూసే ఉంటారు. అయినా అది తిన్న తరువాత వాంతి చేసుకోవడం, కొద్ది నడకకే ఆయాసపడటం, కారణం లేకుండా చిక్కిపోవడం గమనిస్తే, చూపించడానికి వెళ్ళినప్పుడు ఏడాది నాటి ప్రమాదం సంగతి మొదటి మాటగా చెప్పండి.